ఏం తింటుండె?

నాలుక క్యాన్సర్ అని తెలియగానే మన నోటి నుంచి మొదట వచ్చేది పరామర్శ కాదు, ప్రశ్న: "ఏం తింటుండె? గుట్కానా, తంబాకా?" రోగి ముప్పై ఏళ్ల స్త్రీ అయితే అందులో ఇంకో ప్రశ్న కలిసి ఉంటుంది: ఆడదానికి ఇదేం అలవాటు?

ప్రశ్నకు ఆధారం లేకపోలేదు. పొగాకు సంగతి అందరికీ తెలుసు. వక్క ఒక్కటే నమిలినా క్యాన్సర్ రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2004 నాటి నివేదికలో చెప్పింది. అయితే ఏ అలవాటూ లేని యువతీయువకులకు కూడా ఈ జబ్బు వస్తోంది. చాలా దేశాల్లో అలాంటి కేసులు పెరుగుతున్నాయి.

అందుకే "పాపం, ఆమెకు ఏ అలవాటూ లేదట" అని వెనకేసుకొస్తాం. నాకు అభ్యంతరం ఇక్కడే. ఆ మాటతో, అలవాటున్న స్త్రీ మన జాలికి అర్హురాలు కాకుండా పోతుంది. మంచి ఆడదానికే సానుభూతి అనే పాత షరతు ఆస్పత్రి దాకా వచ్చిందన్నమాట.

రెంజల్, బోధన్ ప్రాంతాన్నే చూడండి. 1937లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. బీడీల పని మాత్రం ఆగలేదు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. రోజంతా ఆ పొడి వేళ్లకు అంటుకుంటుంది, ఊపిరిలోకి పోతుంది. అప్పుడెవరూ ఆమెను నీతి అడగరు. చేతిలో ఉన్నంతసేపు పొగాకు ఆమె కష్టం, ఇంటికి ఆధారం. అదే చిటికెడు నోట్లో వేసుకుంటే తప్పు. ఆమె చేసిన బీడీ తాగే మగవాడి గుణం గురించి మాత్రం మాటే రాదు.

ఈ తీర్పుకు ఖరీదు ఉంది. రెండు మూడు వారాల్లో మానని నోటి పుండును డాక్టరుకు చూపించాలి. తొందరగా పట్టుకుంటే నయమయ్యే అవకాశాలు ఎక్కువ. ఏమంటారోనని, పెళ్లి చెడుతుందని దాచుకుంటే పుండు పెరుగుతుంది. అప్పుడు నాలుకలో పెద్ద భాగమే తీసేసి, ముంజేతి నుంచో తొడ నుంచో కండ తెచ్చి అతకాల్సి రావచ్చు. మాట, మింగడం మళ్లీ నేర్చుకోవాలి.

కారణం అడగడం డాక్టరు పని. వైద్యానికి అది అవసరం. గుట్కా ఊళ్లోకి ఎలా వస్తోందని అడగడం ఊరి పని. రోగి ముందు నిలబడిన మనం అడగాల్సినవి వేరు. పుండు ఎన్నాళ్ల నుంచి ఉంది? హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి తోడు ఎవరొస్తున్నారు? ఆ రోజుల్లో పోయే బీడీల కూలి ఎవరు సర్దుతారు?