మలుపు తర్వాత మలుపు



ఇటలీలోని ఆల్ప్స్ పర్వతాల్లో స్టెల్వియో అనే కనుమ ఉంది. ఎత్తు దాదాపు 2,757 మీటర్లు. 1820-25 మధ్య, ఆస్ట్రియా ఏలుబడిలో, కార్లో డొనెగానీ అనే ఇంజనీరు దాని మీదుగా రోడ్డు వేయించాడు. గుర్రబ్బండ్లు నేరుగా ఎక్కలేని వాలు మీద దారిని మెలికలు తిప్పాడు. ప్రాటో అనే ఊరి వైపు ఆ మలుపులు 48.

ఇవాళ ఆ దారిలో సైకిళ్లు ఎక్కుతున్నాయి. సుమారు 24 కిలోమీటర్ల దూరంలో 1,800 మీటర్ల ఎత్తు ఎక్కాలి. ప్రతి మలుపుకూ ఒక నంబరు. కింద 48తో మొదలై, పైకి పోయేకొద్దీ తగ్గుతూ ఒకటికి చేరుతుంది. 1953లో జిరో ద ఇటాలియా సైకిల్ పందెంలో ఫౌస్టో కోప్పి తన ప్రత్యర్థి హ్యూగో కోబ్లెట్‌ను దాటి ఆధిక్యం సాధించింది ఈ కనుమ మీదే.

పైన సైకిలు ఆపి, కాసేపు కాలినడకన ఎక్కితే ఒక చిన్న శిఖరం వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం దాకా మూడు దేశాల సరిహద్దులు కలిసిన చోటది. ఎక్కి వచ్చిన మెలికలు అక్కణ్ణుంచి కనిపిస్తాయి. తొక్కుతున్నప్పుడు మాత్రం కళ్లముందున్నది ఒక్క మలుపే.

చుట్టుదారి పట్టడం ఓటమి కాదు, కొండను ఎక్కగలిగేలా మార్చుకునే తెలివి. మీ ముందున్న పెద్ద పనిని కూడా మలుపులుగా విడగొట్టుకోండి. మొదటిది ఈరోజే దాటండి.