ముందు నీళ్ళు, ఆ తర్వాతే మంట

బిడ్డా,

రామగుండం కంటే పెద్దది కడుతున్నానని చెప్పావు. కట్టు. ఉద్యోగమంతా సబ్‌స్టేషన్ ప్యానెళ్ళ ముందు గడిపినవాణ్ణి, మనుమడు కంప్యూటర్‌లోనైనా పవర్ ప్లాంటు కడతానంటే నాకు సంబురమే. మీ నాన్న దాన్ని ఉత్త ఆట అంటాడు. ‘శాటిస్ఫాక్టరీ’ అనేది ఆటే, కాదనను. కానీ నువ్వు కాగితం మీద వేసి చూపించినవి ఆషామాషీ లెక్కలు కావు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి ఫోన్ చేసి చెబితే సగం విని “సరే తాతా” అంటావు. అందుకే రాస్తున్నా.

రామగుండం ఎన్‌టీపీసీ పాత స్టేషన్‌లో ఏడు యూనిట్లు, మొత్తం 2600 మెగావాట్లు. మొదటిది 1983లో తిరిగితే, ఏడోది తిరిగేసరికి ఇరవై ఏళ్ళు దాటింది. నీ ఆటలో ఒక్కో బొగ్గు జనరేటర్ 75 మెగావాట్లు ఇస్తుంది కాబట్టి 35 పెడితే చాలని గీత గీసేశావు. గీత కింద ఇంకా లెక్క ఉంది. ఒక్కో జనరేటర్‌కు నిమిషానికి 15 బొగ్గు, 45 క్యూబిక్ మీటర్ల నీళ్ళు కావాలి. ముప్ఫై అయిదింటికి కలిపి 525 బొగ్గు, 1575 నీళ్ళు. ఒక నీటి పంపు 120 తోడుతుంది. అంటే 14 పంపులు. ఒక్కో పంపు తినేది 20 మెగావాట్లు. మన నిజాంసాగర్ జలవిద్యుత్ కేంద్రంలో 5 మెగావాట్ల యూనిట్లు రెండు, మొత్తం పదే. నీ ఒక్క పంపు రెండు నిజాంసాగర్లను మింగుతోందన్నమాట! పద్నాలుగు పంపులకు 280 మెగావాట్లు పోతాయి. బొగ్గు తవ్వే యంత్రాల ఖర్చు దానిమీద. నిజం థర్మల్ స్టేషన్లదీ ఇదే కథ. నూరు యూనిట్లు పుడితే ఏడెనిమిది యూనిట్ల దాకా సొంత పంపులకు, ఫ్యాన్లకు, బొగ్గు మిల్లులకే పోతాయి.

నేను చెప్పదలచుకున్నది అక్కడే ఉంది. ప్లాంటు తిండి ప్లాంటు చేతికే అప్పజెప్పకు. నువ్వు పంపులను, గనులను, ఫ్యాక్టరీని అన్నిటినీ ఒకే లైనుకు కట్టావు. లోడు ఒక్క మెగావాటు మించినా నీ ఆటలో ఫ్యూజు ఎగిరి అంతా ఒకేసారి బంద్ అవుతుంది. పంపులు ఆగితే నీళ్ళు లేవు, నీళ్ళు లేకపోతే ఆవిరి లేదు, ఆవిరి లేకపోతే పంపులకు కరెంటు లేదు. అప్పుడు నువ్వు ఆకులూ కట్టెలూ ఏరుకుంటూ అడవిలో తిరగాలి.

పంపులూ గనులూ వేరే లైను మీద పెట్టు. దాని వెనక ఆకులూ కట్టెలూ కాల్చే బర్నర్లు ఉంచు. పెద్ద ప్లాంటు వచ్చాక వాటిని పీకేద్దామనుకుంటున్నావు చూడు, ఆ పని మాత్రం చేయకు. ఒక్కోటి 30 మెగావాట్లు ఇస్తుంది. మూడు చాలు. మూడు పంపులకు 60 పోతాయి, మిగిలిన 30తో బొగ్గు తవ్వే యంత్రాలు నడుస్తాయి. మూడు పంపుల నీళ్ళు 360, ఎనిమిది జనరేటర్లకు కావలసినవీ సరిగ్గా 360. ఆ ఎనిమిదీ లేస్తే నీ చేతిలో 600 మెగావాట్లు. వాటితో తర్వాతి పంపులు, ఆ నీళ్ళతో తర్వాతి ఎనిమిది. బెల్లం వండే రైతు గానుగలో పిండేసిన చెరుకు పిప్పినే ఎండబెట్టి పొయ్యిలో వేసుకుంటాడు, కట్టెల కోసం బజారుకు పోడు. నీ బర్నర్లూ అటువంటివే. ఎవరి కరెంటూ అడగవు.

నిజం గ్రిడ్‌లో ఈ పనికి జలవిద్యుత్ కేంద్రాలను వాడతారు. 2012 జులై 30న, మళ్ళీ 31న ఉత్తరాదిలో గ్రిడ్ కూలినప్పుడు, రెండో రోజు తూర్పు, ఈశాన్యం కూడా చీకటైనప్పుడు, థర్మల్ స్టేషన్లు తమంతట తాము లేవలేవు కాబట్టి బయటి నుంచి కరెంటు అందించాల్సి వచ్చింది. గేటు తీస్తే తిరిగే టర్బైనుకు ఆ బాధ తక్కువ. మనకు ఆ రెండు రోజులూ ఏమీ కాలేదు. దక్షిణాది గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఒకే తాళంలో నడవడం లేదు, 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో కలిసింది. కలపడం మంచిదే, ఇవాళ ఆ లైన్ల మీద మనకు ఎంతో కరెంటు వస్తోంది. నువ్వూ కలుపు. కానీ కలిపిన చోట స్విచ్ పెట్టు.

పైపుల సంగతి. మూడు పంపులు, ఎనిమిది జనరేటర్లు సరే, 360 నీళ్ళను ఒకే పైపులో తోశావు. నీ దగ్గర ఉన్న మొదటి రకం పైపు నిమిషానికి 300 మాత్రమే పోనిస్తుంది. చివరి జనరేటర్లు ఆగి ఆగి నడుస్తున్నాయంటే జనరేటర్ పాడైందని కాదు. రెండు పంపులు ఈ కొస నుంచి, ఒకటి ఆ కొస నుంచి ఇవ్వు. ఎత్తు కూడా చూసుకో. నీటి పంపు పది మీటర్లకు మించి పైకి నెట్టదు. మన దగ్గర బోరు లోతు పెరిగినకొద్దీ మోటారుకు స్టేజీలు ఎందుకు పెంచుతారో నీకు తెలుసు. గుట్ట మీద ప్లాంటు కట్టి నీళ్ళు రావట్లేదని ఏడిస్తే ఎట్లా?

ఇక లోడు. మన జిల్లాలో చానా పొలాలు బోర్ల మీదే ఆధారం. కరెంటు పగలు కొంత, రాత్రి కొంత ఇచ్చిన రోజుల్లో రైతులు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. వాళ్ళను ఏమీ అనలేం, అర్ధరాత్రి కరెంటు వస్తే పురుగూ పుట్రా మధ్య పొలానికి ఎవరు పోతారు? కానీ ట్రిప్పయిన ఫీడర్‌ను మళ్ళీ చార్జ్ చేసిన మరుక్షణం మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. మోటారు లేచేటప్పుడు నడిచేటప్పటి కంటే ఐదారు రెట్లు లాగుతుంది. ఫీడర్ మళ్ళీ ట్రిప్పయ్యేది, లేకపోతే ఎక్కడో ఓ ట్రాన్స్‌ఫార్మర్ కాలేది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పారు. భూగర్భజలం ఒక కారణం, ఇది ఇంకో కారణం. నీ ఫ్యాక్టరీలో ప్రతి యంత్రమూ ఆటో స్టార్టర్ ఉన్న మోటారే అనుకో. ఫ్యూజు ఎగిరాక లోడంతా తగిలించే ఉంచి లివర్ లాగితే మళ్ళీ ఎగురుతుంది, పది సార్లు లాగినా అంతే. ఫ్యాక్టరీని భాగాలు చేసి ఒక్కో భాగానికి ప్రయారిటీ స్విచ్ పెట్టు. తగ్గినప్పుడు ఏది ముందు పోవాలో నువ్వే ముందుగా చెప్పు. పంపులు చివర.

పుట్టే కరెంటు నూటికి నూరూ వాడేయకు, కొంత మిగుల్చు. 1922 నాటి పోచారం ప్రాజెక్టు 2025 ఆగస్టు చివరి వానకు అంత వరద మీదినుంచి పోయినా, పక్కన మట్టి కోసుకుపోయినా నిలబడింది. కట్టినవాళ్ళు అవసరం మేరకే కట్టి ఉంటే నిలిచేది కాదని నా నమ్మకం.

ఈ ఆట కట్టిన స్వీడన్ వాళ్ళ మీద నాకో ఫిర్యాదు ఉంది. బొగ్గు కాలితే బూడిదే రాదు! మన బొగ్గులో సుమారు మూడో వంతు బూడిదే. దాని కోసం చెరువంత చెరువులు తవ్వుతారు. అయితే అణు ప్లాంటు దగ్గర మాత్రం వాళ్ళు వదిలిపెట్టలేదు. ఒక్క ప్లాంటు 2500 మెగావాట్లు, దాదాపు ఒక రామగుండం. బదులుగా నిమిషానికి పది యురేనియం వ్యర్థాలు. చెత్త మింగే యంత్రం కూడా వాటిని తీసుకోదు. నువ్వు తర్వాత ఎటూ అటే పోతావు. వ్యర్థం ఎక్కడికి పోవాలో తేల్చుకున్నాకే మొదటి కడ్డీ వెయ్యి.

స్విచ్‌లకు పేర్లు రాయి. ఇది మాత్రం గట్టిగానే చెబుతున్నా. మా దగ్గర లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకోవాలి. ఏ ఫీడర్ అన్న మాటలో పొరపాటు జరిగితే పోయేది ప్రాణం. నీ ఆటలో ఎవరూ చావరు, కానీ నెల తర్వాత ఆ స్విచ్ దేనిదో నీకే గుర్తుండదు. “పంపులు”, “గనులు”, “ఉక్కు” అని పొట్టిగా రాయి. ‘కొత్తది’, ‘కొత్తది 2’ అని రాయకు, అవి నీ కాగితం మీద చూశాను.

కాలువకు నీళ్ళు వదిలిన రోజుల్లో ఇటు రా, నిజాంసాగర్ పోదాం. 1923లో మొదలుపెట్టి 1931 కల్లా మంజీర మీద కట్టిన ఆనకట్ట అది, అలీ నవాజ్ జంగ్ చేతిపని. విద్యుత్ కేంద్రం తర్వాత వచ్చింది. సాగుకు పోయే నీళ్ళే దారిలో టర్బైను తిప్పుతాయి. పోయే నీటితో పని చేయించుకోవడం నీ పైపుల్లో ఎక్కడైనా కుదురుతుందేమో అక్కడ నిలబడి ఆలోచిద్దువు గాని.

రాత్రి పదింటికి ఆట ఆపు. ఆపే ముందు సేవ్ చెయ్యి. నిన్ను ఆ కుర్చీలోంచి లేపమని మీ అమ్మ నాకు ఫోన్ చేసింది. తాత చెప్పాడు, లేచాను అని ఆమెతో అను.

మీ తాత