బిడ్డను సాకడం పని కాదా?

బిడ్డను సాకడం ప్రేమా, పనా? మన గూడేల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. తల్లి పోడుకు పోతే అవ్వ చూస్తుంది. అవ్వ అడవికి పోతే పక్కింటి పిన్ని చూస్తుంది. ఎవరూ లేకపోతే అక్క చూస్తుంది. ఆ అక్కకు ఎనిమిదేళ్లు. మా హాజరు పట్టీలో ఆమె పేరు ఎదురుగా గైర్హాజరు పడుతుంది. కాబట్టి బిడ్డను సాకడానికి ఖర్చేమీ లేదనుకోవడం తప్పు. ఖర్చు ఉంది. దాన్ని ఒక ఆడపిల్ల తన చదువుతో కడుతోంది.

రాజ్యాంగం ఏమంటోందో చూద్దాం. 2002లో 86వ సవరణతో 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అయింది. ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణ, విద్య మాత్రం 45వ అధికరణంలో ఆదేశిక సూత్రంగా మిగిలాయి. ప్రభుత్వం ప్రయత్నించాలి అన్నంతవరకే ఆ సూత్రం. కానీ మాట, నడక, మనుషుల మీద నమ్మకం కుదిరేది ఆ వయసులోనే. విత్తనం వేసినప్పుడు పడని వాన కోతలప్పుడు పడితే ఏం లాభం?

1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ మొదలైంది. అప్పటినుంచీ అంగన్‌వాడీ టీచరుకు, ఆయాకు ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు సమ్మెకు దిగారు. 2024 జనవరిలో ప్రభుత్వం వాళ్లమీద ఎస్మా ప్రయోగించింది. సమ్మె చేస్తే అత్యవసర సేవ, జీతం అడిగితే గౌరవ సేవ! ఒకే మనిషికి రెండూ ఎలా చెల్లుతాయి? వాళ్లు గ్రాట్యుటీకి అర్హులేనని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

2005 నాటి ఉపాధి హామీ చట్టం ఇంకో దారి చూపింది. పని చోటికి ఐదుగురు, అంతకుమించి చంటిపిల్లలు వస్తే, వాళ్లను చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టి, ఆమెకూ కూలి ఇవ్వాలంది. మట్టి తవ్వడం ఎంత పనో, పిల్లల్ని చూడడం కూడా అంత పనేనని చట్టమే ఒప్పుకుంది.

మన పెద్దలు కొందరు అంటారు: "బిడ్డను చూడడం గూడెం ధర్మం. డబ్బు వస్తే ప్రేమ పోతుంది." ఆ ధర్మం మనకు గర్వకారణమే. కానీ తల్లులు మిర్చి కోతలకు వలసపోతున్న రోజుల్లో, గూడెంలో మిగిలేది ముసలివాళ్లే. అంత బరువు వాళ్లమీద వేయడం ధర్మమా? పైగా ఆరేళ్ల బిడ్డకు చదువు చెప్పి మేము జీతం తీసుకుంటున్నాం. మా ప్రేమ పోయిందని ఎవరూ అనలేదు. అదే బిడ్డను ఐదేళ్ల వయసులో చూసిన తల్లికి మాత్రం గౌరవం చాలంటే, అది న్యాయం కాదు.

మనకు ఇంకో అవసరం ఉంది. కువి, కోయ, సవర మాట్లాడే బిడ్డకు మొదటి గురువు ఆ భాష తెలిసినామె కావాలి. అలాంటి మన అమ్మాయిలకు శిక్షణ, సరైన జీతం ఇస్తే వాళ్లు ఆ పనిలో నిలబడతారు. బిడ్డ బెదరకుండా బడికొస్తాడు, అక్క కూడా బడికొస్తుంది.

యువతీ యువకులారా, 1996 నాటి పెసా చట్టం సామాజిక రంగ సంస్థలపై అదుపులో గ్రామసభకు పాలు ఇచ్చింది. రోడ్డు, బోరు అడిగినట్టే అంగన్‌వాడీ గురించి కూడా గ్రామసభలో అడగండి. తలుపు ఎన్ని గంటలు తెరిచి ఉంటోంది? ఏ భాషలో మాట్లాడుతున్నారు? టీచరుకు జీతం నెలనెలా అందుతోందా? జవాబులు తీర్మానంలో రాయించండి.