చాడీ – సాక్ష్యం

చిన్నప్పుడు బడిలో తోటిపిల్లవాడి తప్పు మేష్టారికి చెబితే వాడికి రెండు దెబ్బలు పడేవి. చెప్పినవాడికి మాత్రం చాడీకోరు అన్న పేరు ఏళ్ళ తరబడి ఉండిపోయేది. ఆ పేరంటే పుట్టిన భయం మనతోబాటే పెరిగి, పాస్‌పోర్టు లేకుండానే మనతో సముద్రం దాటి ఈ కౌలాలంపూర్ దాకా వచ్చింది.

విశ్వవిద్యాలయాల్లోను, బోధనాసుపత్రుల్లోను పనిచేసేవారు మనలో పలువురున్నారు. కనుక ఈ ప్రశ్న వేసుకోక తప్పదు. కళ్ళెదుట తప్పు జరుగుతుంటే పైవారికి చెప్పడం ధర్మమా, ద్రోహమా?

నా సంగతే చెబుతాను. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒకచోట రక్తపోటు మందు మీద పరిశోధన సాగుతుండేది. రెండోసారి పరీక్షకు రాని రోగుల పేర్ల ఎదుట కూడా అంకెలు నిండి ఉండడం నా కంటబడింది. ఆ అంకెలు వేసినవారు మన తెలుగువారే. నేను కొత్తగా వచ్చినప్పుడు, ఇల్లు దొరికేదాకా తమ ఇంట ఉంచుకుని అన్నం పెట్టినవారు. మూడు నెలలు నోరు మెదపలేదు. ఉప్పు తిన్న ఇల్లు కదా అని మనస్సుకు నచ్చజెప్పుకున్నాను. ఉద్యోగపు పాసు పొడిగించుకోవలసిన గడువు దగ్గరపడిందన్నది రెండో కారణం. ఆ రెండోదే అసలు కారణమని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

దగ్గరివారు మాట్లాడకపోతే ఏమవుతుందో మన తిరుపతిలోనే చూశాం. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడు 2004 – 2007 మధ్య 25 పత్రికల్లో ప్రకటించిన సుమారు 70 పరిశోధన పత్రాలు, ఇతరుల నుంచి ఎత్తి రాసినవో, కల్పించినవో అని 2008లో లోకానికి తెలిసింది. ఈ ఊళ్ళో యూనివర్సిటీ ఆఫ్ మలయాలోనూ 2016లో కాన్సరు కణాల మీద వచ్చిన పత్రాల్లో ఒకే బొమ్మ అటూ ఇటూ తిప్పి వాడారని గోల పుట్టింది. మొదట వేలెత్తి చూపినవారు బయటి పాఠకులు. ఆ తరువాత విశ్వవిద్యాలయం విచారణ జరిపింది, పత్రాలు వెనక్కు తీసుకోవలసివచ్చింది. పక్కబల్ల దగ్గర కనబడవలసిన తప్పు, ముక్కూ మొహం తెలియనివారికి కనబడవలసివచ్చింది.

అయినవారి తప్పు బయటపెడితే వారిని విడిచిపెట్టినట్లేనా? కురుసభలో భీష్మద్రోణాదులు తలలు వంచుకున్న వేళ, ఇది అధర్మమని లేచి చెప్పిన వికర్ణుడు దుర్యోధనుడి సొంత తమ్ముడే. కర్ణుడు అతణ్ణి కుర్రవాడివి కూర్చోమన్నాడు. అదే వికర్ణుడు యుద్ధంలో అన్న పక్షాననే నిలిచి ప్రాణం ఇచ్చాడు. నిజం చెప్పినందువల్ల అతనికి అన్న కాకుండా పోలేదు.

చాడీకి, సాక్ష్యానికి తేడా తెలుసుకోవడం కష్టం కాదు. చాడీ చెప్పేవాడి దృష్టి తప్పు చేసినవాడి మీద ఉంటుంది. సాక్ష్యం చెప్పేవాడి దృష్టి నష్టపోయేవాడి మీద ఉంటుంది. ఆ దొంగ అంకెలను నమ్మి రేపు ఎవరో వైద్యుడు ఎవరో ముసలమ్మకు ఆ మందు రాస్తాడు. ఆమె మన విందులకు రాదు, మనకు అన్నం పెట్టలేదు. అందుకే ఆమె తరఫున మాట్లాడేవారుండరు.

తమాషా ఏమిటంటే, ఆఫీసులో నోరు విప్పని మనం ఉగాది భోజనాల్లో పులిహోర వడ్డిస్తూ ఆ సంగతే గుసగుసలాడుకుంటాం. అసలైన చాడీ అదే. సాక్ష్యానికి మర్యాద ఉంది: కంటితో చూసినదే, తేదీ వేసి రాసుకుని, విచారించే అధికారం ఉన్నవారికే చెప్పాలి. విన్నది చేర్చకూడదు, పాత కక్ష కలపకూడదు.

తప్పుడు నడతను సంబంధిత ప్రభుత్వ సంస్థలకు తెలియజేసినవారి పేరు గోప్యంగా ఉంచి, వారిపై కక్ష సాధించకుండా కాపాడడానికి మలేషియా 2010లో చట్టం చేసింది. మంచిదే. కాని రేపటి ఉద్యోగానికి కావలసిన సిఫారసు ఉత్తరాన్ని ఏ చట్టమూ రాసిపెట్టదు. ఆ లోటు తీర్చవలసింది స్థిరమైన పదవుల్లో ఉన్న పెద్దలు. చిన్నవాడు ఒక్కడే వెళ్ళనక్కరలేకుండా వెంట నడవడం వారి వంతు.

నాలుగో నెలలో ఆ పెద్దమనిషి దగ్గరకే వెళ్ళి, ముందు మీరే చెప్పండని వేడుకున్నాను. ఆయన చెప్పలేదు. వారం చూసి నేను రాసి ఇచ్చాను. విచారణ జరిగింది, అంకెలు కొట్టివేశారు. ఆ ఇంటి నుంచి నాకు మళ్ళీ పిలుపు రాలేదు. ఆ బాధ ఇంకా ఉంది. అంతకన్నా ఎక్కువ బాధ మాత్రం ఆ మూడు నెలల గురించే.