కరణము, కర్త

ఆంథ్రోపిక్ సంస్థ 2024 నవంబరులో ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ వంటి ఏర్పాట్లచేత, కృత్రిమ మేధా సహాయకము మన ఈమెయిలును, క్యాలెండరును, దస్త్రములను చేరి మన పేరిటనే ఉత్తరములు పంపగలుగుచుండగా, ఆ కర్మకు కర్త యెవ్వరన్న ప్రశ్న తప్పక ఉదయించును.

భగవద్గీత 18వ అధ్యాయము కర్మసిద్ధికి అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము అను ఐదు హేతువులను చెప్పి, తన్నొక్కనినే కర్తగా నెంచువాడు యథార్థము గాంచనివాడనినది. ఈ విభాగము ననుసరించి యంత్రము కరణమే, అనగా సాధనమే; దానికి అనుమతి నిచ్చిన మనము కర్తలము. హేతువులు ఐదైనంతమాత్రమున మన బాధ్యత అయిదవవంతుకు తగ్గిపోదు. ‘అనుమతించు’ అను బటనును నొక్కునపుడు, చదువుటకు మాత్రమే అధికారమిచ్చుచున్నామా, వ్రాయుటకును తుడిచివేయుటకును గూడ ఇచ్చుచున్నామా యని విచారింపనివాడు, పిదప కరణమును నిందించి ఫలమునుండి తప్పించుకొనజాలడు. పనికి వలసినంత అధికారమునే యొసగి, పని ముగిసినంతనే దానిని ఉపసంహరించుకొనుట కర్తకు ధర్మమని నా దృఢవిశ్వాసము.