ఇచ్చిన దెవరు?

మా గజపతినగరము మీదుగా సాలూరికిని, అచ్చటినుండి కనుమనెక్కి కోరాపుట్టు, జయపురములకును పోవు బాట యొకటి కలదు. ఆ కొండలలో పుట్టి, మా పాఠశాలలో చదివి, విశాఖపట్టణమున ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో చేరిన విద్యార్థి యొకడు సెలవులలో నన్ను జూడవచ్చి యిట్లడిగెను: "మేష్టరుగారూ, మా శాస్త్రకళాశాలకు మొదట జయపురపు మహారాజుగారి పేరే పెట్టిరట. ఆయన యిచ్చిన సొమ్ము మా ముత్తాతలు కట్టినదే కదా. మరి ఇచ్చినదెవరండీ?" నేనప్పటికి నవ్వి యూరకుంటిని. ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు.

1926లో స్థాపితమైన ఆ పరిషత్తునకు విక్రమదేవవర్మగారు ఏటేట లక్షరూపాయలు దయచేసిరి. ఆయన కవి, పండితపోషకుడు. తెలుగువారాయనకు ఋణపడియుండుట నిజము. కాని 1803లో శాశ్వత శిస్తునిర్ణయము జరిగినపుడు జయపుర జమీందారీ సర్కారునకు చెల్లింపవలసిన పేష్కషు సాలుకు 16,000 రూపాయలు మాత్రమే. లక్ష యనగా దానికి ఆరింతలు! పైకి కట్టునది కదలక, క్రిందినుండి వచ్చునది పెరుగుచుండగా, నడుమ మిగిలినదానిలోనుండి యీ దానము పుట్టినది.

క్రిందినుండి వచ్చిన దెట్టిది? పల్లెలు ముస్తాజరుల యిజారాలో నుండెడివి. శిస్తుతోబాటు వెట్టి యుండెను. మూటలు మోయవలయును, పిలిచినపుడు పనిమాని పోవలయును. పెండ్లికో పన్నుకో కొద్దిపాటి యప్పు చేసినవాడు సాహుకారునకు గోతియై, తాను తీర్పలేనిచో కొడుకు నప్పగించెడివాడు. గోతి మహారాజుగారి సృష్టి కాదు. దాని నాయన కంటగట్టుట న్యాయము కాదు. అయినను శిస్తునకు చాలనివాడు సాహుకారు గడప త్రొక్కక యేమి చేయును? ఆ ఋణదాస్యమును మాన్పుటకు ఒడిశా ప్రభుత్వము 1948లో నిబంధన చేయవలసివచ్చెను.

మన పూర్వులు దానపు మొత్తమును గాక దాని రాకను జూచిరి. ధర్మరాజు అశ్వమేధము ముగిసినవేళ సగము మేను బంగారమైన ముంగిస వచ్చి, యీ యజ్ఞము ఉంఛవృత్తి బ్రాహ్మణుడు అతిథికి పెట్టిన పేలపిండికి సాటిరాదని యాక్షేపించెను. ఆ పిండి పొలములో రాలిన గింజలేరి చేసికొన్నది. ధర్మరాజు వెచ్చించినదో, యుద్ధములో బొక్కసము వట్టిపోయిన పిమ్మట త్రవ్వితెచ్చుకొన్న మరుత్తుని నిధి. పిల్లలకీ కథ చెప్పునపుడు మనము బంగారు మేనిని వర్ణించి, నిధిమాట దాటవేయుదుము. నేనును ఇరువదియేండ్లు దాటవేసితిని.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయమునకు పేరిచ్చిన ఎలిహు యేల్, 1687 నుండి 1692 వరకు మన చెన్నపట్టణపు కోటలో గవర్నరు. ఆయన యేలుబడిలో అచ్చటినుండి బానిసలను ఓడలకెక్కించిరి. జార్జిటౌను విద్యాలయమును నడపిన మతగురువులు 1838లో 272 మంది బానిసలను విక్రయించి యప్పులు తీర్చిరి. ఆ విద్యాలయమువారు 2016లో ఆ బానిసల వంశీకులకు ప్రవేశమున ప్రత్యేకగణన నిచ్చుటకు పూనుకొనిరి. పేరు చెరిపివేయుటకంటె నిది నాకు నచ్చినది.

ఆ లక్షను గుఱ్ఱపుపందెములకు తగులబెట్టినచో నేమి చేసెడివారమని నా మిత్రుడొకరు వాదించిరి. నిజమే. తగులబెట్టిన జమీందారులు చాలమంది గలరు, ఈయన తగులబెట్టలేదు. ఆ మెప్పు ఆయనకు చెల్లవలసినదే. కాని యది సొమ్మును మంచిచోట నుంచినందుకు చెల్లు మెప్పు. పోడుకొట్టి సామలు పండించినవాని మెప్పు వేరుగ నున్నది, అది యింతవరకెవరికిని చెల్లలేదు.

ఇట్లు వ్రాయుచున్న నేను విజయనగరపు మహారాజావారి కళాశాలలో కాళిదాసును జదివితిని. ఆ విద్యాసంస్థను నిలిపినవానిలో మా తాలూకా రైతుల శిస్తులును గలవు. మా ముత్తాతగారికి ఇనాముభూమి యుండెడిది, దున్నినవారు వేరు. వారి మనుమలలో నెవ్వరైన నా తరగతిలో గూర్చుండిరో లేదో నేనేనాడును విచారింపలేదు.

మొన్న సంక్రాంతికి ఆ కుఱ్ఱవాడు మరల వచ్చెను. వాని ముసలమ్మ తన తండ్రి యెన్ని పుట్ల ధాన్యము కొలిచెనో, ఏ కనుమవరకు మూటలు మోసెనో చెప్పినదట. తక్కిన యూళ్లలో ముసలివారిని గూడ అడిగి వ్రాసికొనవలెనని, లావుపాటి చిట్టాపుస్తక మొకటి కావలెననెను. నా బల్లసొరుగులోనిది తీసి యిచ్చితిని.