పొరపాటుకు వయసెంత?

పాలు పొంగిపోవడానికి ఎంతసేపు పడుతుంది? అరక్షణం. ఆ సంగతి చెప్పుకోవడానికి? కొన్ని ఇళ్ళల్లో ముప్ఫై ఏళ్ళు! కాపురానికి వచ్చిన కొత్తలో మొదటి సంక్రాంతికి అరిసెల పాకం ముదరబెట్టిన కోడలు, ఆ తరువాత ముప్ఫై సంక్రాంతులు ఊరంతా మెచ్చుకునే అరిసెలు వండినా సరే, అత్తవారి వైపు చుట్టాలు నలుగురు చేరారంటే ఆ మొదటి పాకమే మళ్ళీ పొయ్యి ఎక్కుతుంది. "అబ్బో, ఆ అరిసెలా! రోకలితో కొట్టుకు తిన్నామమ్మా" అని నవ్వుకుంటారు. నవ్వులాటకే అంటారు లెండి. కాని ఆ నవ్వులో ఒక తీర్పు ఉంది. ముప్ఫై ఏళ్ళ పనితనాన్ని త్రాసులో ఒకవైపు, ఒక్క సాయంత్రాన్ని ఇంకోవైపు పెట్టి, సాయంత్రమే బరువని తేల్చిన తీర్పు అది.

ఈ తూకం న్యాయమైనదేనా? మనిషిని ఒక్క పొరపాటుతో కొలవవచ్చునా? క్షమించడం అంటే అసలేం చేయడం? ప్రశ్న పాతదే. అయితే దీనికి జవాబు వెతుక్కుంటూ నేను ఈసారి పురాణాల జోలికి పోవడం లేదు. అమెరికావాళ్ళు ఆడుకునే బేస్‌బాల్ దగ్గరికి పోతున్నాను. "ఆటల గొడవ మాకెందుకండీ, క్రికెట్ వచ్చిన రోజున టీవీ మాకు దక్కదన్నదొక్కటే మాకు తెలిసిన ఆట" అంటారేమో. కాస్త ఓపిక పట్టండి. ఊరు పరాయిదైనా సంగతి మన ఇంటిదే.

బేస్‌బాల్ మన క్రికెట్‌కు పెదతల్లి బిడ్డలాంటిది. ఒకడు బంతి విసురుతాడు, ఒకడు గుండ్రటి కర్రతో కొడతాడు. కొట్టి పరుగెత్తినవాడు మొదటి మూలకు చేరేలోపల బంతి అక్కడికి చేరితే అతను అవుట్. జట్టుకు తొమ్మిది ఇన్నింగ్సులు, ఇన్నింగ్సుకు ముగ్గురు అవుట్. అంటే మొత్తం 27 మంది. ఈ లెక్క ఒక్కటి గుర్తు పెట్టుకోండి, చాలు. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఈ ఆటలో స్కోరుబోర్డు మీద పరుగులకు ఒక గడి ఉన్నట్టే తప్పులకు కూడా ఒక గడి ఉంటుంది. ఎవరు బంతి జారవిడిచారు, ఎవరు పక్కకు విసిరారు అన్నదంతా లెక్కరాసి పెడతారు. మన ఇళ్ళల్లోనూ ఆ గడి ఉంది గాని, గోడమీద కనపడదు, అంతే.

ఆ గడిలో ఇరుక్కుపోయిన మనిషి బిల్ బక్నర్. 22 సీజన్లు ఆడి 2,715 హిట్లు కొట్టిన మొనగాడు. 1980 లో తన లీగుకంతటికీ బ్యాటింగులో మొదటివాడుగా నిలిచాడు. 1986 నాటికి 36 ఏళ్ళ వయసులో, మడమల నొప్పితో కుంటుతూనే బోస్టన్ రెడ్ సాక్స్ తరఫున ఆడుతున్నాడు. ఆ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచి అప్పటికి 68 ఏళ్ళు. 1918 తరువాత మళ్ళీ గెలుపన్నదే లేదు. తాతలు ఎదురుచూసి పోయారు, తండ్రులు ఎదురుచూస్తూ ముసలివాళ్ళయ్యారు.

1986 అక్టోబరు 25 రాత్రి, న్యూయార్క్‌లో ఆరవ ఆట. ఇదొక్కటి గెలిస్తే కప్పు బోస్టన్‌దే. పదో ఇన్నింగ్సులో బోస్టన్ 5, న్యూయార్క్ మెట్స్ 3. మెట్స్‌లో ఇద్దరు అవుటయ్యారు. ఇంకొక్కడు అవుటయితే పని అయిపోయినట్టే. అప్పుడు వరసగా ముగ్గురు కొట్టారు. స్కోరు 5-4 అయింది. తరువాత బోస్టన్ పిచ్చర్ విసిరిన బంతి గతి తప్పింది. స్కోరు 5-5. ఇదంతా బక్నర్ చేతికి బంతి రాకముందే జరిగిపోయిందని గమనించండి. ఆ తరువాత మూకీ విల్సన్ కొట్టిన బంతి మెల్లగా దొర్లుకుంటూ వచ్చి, వంగిన బక్నర్ కాళ్ళ మధ్యనుంచి వెళ్ళిపోయింది. మెట్స్ 6-5 తో గెలిచారు.

సరే, సిరీస్ అక్కడితో అయిపోలేదు. రెండురోజుల తరువాత ఏడో ఆట ఉంది. అందులోనూ బోస్టన్ 3-0 తో ముందుండి, చివరికి 8-5 తో ఓడిపోయింది. ఆ ముగ్గురిని కొట్టనిచ్చినదెవరు? బంతి గతి తప్పించినదెవరు? ఎప్పుడూ ఆట చివర్లో బక్నర్‌ను కూర్చోబెట్టి వేరొకరిని పంపే మేనేజరు ఆ రాత్రి ఎందుకు పంపలేదు? ఇవేవీ జనానికి పట్టలేదు. బక్నర్ కాళ్ళ మధ్యనుంచి పోయిన బంతి ఒక్కటే కళ్ళల్లో మిగిలింది. చంపుతామని బెదిరింపులు వచ్చాయి. చివరికి ఆయన భార్యాబిడ్డలతో దూరాన ఐడహో రాష్ట్రానికి వెళ్ళిపోయాడు.

ఇది బక్నర్ ఒక్కడి కథే కాదు. 1908 లో ఫ్రెడ్ మెర్కిల్ అనే 19 ఏళ్ళ కుర్రాడు, ఆట గెలిచేశామనుకుని, జనం మైదానంలోకి విరగబడుతుంటే రెండో మూలను తాకకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో అందరూ చేసే పనే అది. కాని ఆనాడు అంపైరు పట్టుకున్నాడు. గెలిచిన ఆట లెక్కలోంచి పోయింది, మళ్ళీ ఆడితే ఓడిపోయారు, ఆ యేటి ఛాంపియన్‌షిప్పే చేజారింది. 'మట్టిబుర్ర' అన్న అర్థం వచ్చే బిరుదు ఒకటి ఆ కుర్రాడికి తగిలించారు. తరువాత ఎన్నో ఏళ్ళు చక్కగా ఆడాడు. 1956 లో కన్నుమూశాడు. బిరుదు మాత్రం ఇప్పటికీ బ్రతికే ఉంది.

ఎందుకిలా జరుగుతుంది? నాకు తోచింది చెబుతాను. కష్టం వచ్చినప్పుడు మనసు కారణం వెతకదు, మనిషిని వెతుకుతుంది. పది చేతులు మారిన కుండ ఎవరి చేతిలో పగిలితే వారిదే తప్పు. తొమ్మిదిమంది చేతుల్లోనూ బీట పెరుగుతూనే వచ్చిందని ఎవరు చూస్తారు? ఒక సంబంధం తప్పిపోతే, కట్నం దగ్గర బేరాలాడిన పెద్దలను వదిలేసి, చివర్లో నోరుజారి ఒకమాట అన్న పిన్నిగారిని పదేళ్ళు ఆడిపోసుకునే ఇళ్ళు మనకు తెలియవూ? ఒకరి నెత్తిన పెట్టేస్తే మిగతావారందరికీ నిద్ర పడుతుంది. నిందలో ఉన్న సుఖం అదే.

బోస్టన్ 2004 లో, మళ్ళీ 2007 లో గెలిచింది. 2008 ఏప్రిల్ 8 న కొత్త సీజను మొదటి బంతి విసరడానికి బక్నర్‌ను పిలిచారు. మైదానమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఎట్టకేలకు క్షమించారు" అని అందరూ అనుకున్నారు. కాని ఆ రోజు ఆయన పత్రికలవారితో చెప్పిన మాటల సారం వేరు. క్షమించవలసి వచ్చింది తానేనట, అదీ ప్రేక్షకులను కాదు, తనవాళ్ళను అంతగా బాధపెట్టిన పత్రికలవారిని! ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నిజమే కదా. బంతి జారవిడవడం పొరపాటు. ఆ పొరపాటుకు ఒక మనిషిని 22 ఏళ్ళు వేధించడం తప్పు. పొరపాటును క్షమించనక్కరలేదు, అర్థం చేసుకుంటే చాలు. క్షమ అక్కరయ్యేది తప్పుకు. మనం తరచు ఈ రెండింటినీ తారుమారు చేస్తాం. అరిసెలు మాడ్చిన పిల్లను 'క్షమించేశాం' అనుకుంటాం. ముప్ఫై ఏళ్ళ ఎత్తిపొడుపులకు ఎవరూ క్షమాపణ అడగరు.

మరి పొరపాటు వల్ల ఇంకొకరికి నిజంగా నష్టం జరిగితే? అప్పుడు సంగతేమిటి? దానికీ ఈ ఆటలోనే ఒక కథ ఉంది.

ఇందాక 27 అన్న లెక్క గుర్తుంది కదా. ఒక పిచ్చర్ ఆ 27 మందిలో ఒక్కణ్ణి కూడా మొదటి మూలకు చేరనివ్వకుండా వరసగా అవుట్ చేస్తే దాన్ని 'పర్ఫెక్ట్ గేమ్' అంటారు. 1880 లో మొదటిది జరిగినప్పటినుంచీ 2010 మే నెలాఖరు దాకా మేజర్ లీగుల లెక్కలో అలాంటివి 20 మాత్రమే. 130 ఏళ్ళలో ఇరవై! 2010 జూన్ 2 న డెట్రాయిట్‌లో, వెనిజులా దేశంనుంచి వచ్చిన 28 ఏళ్ళ అర్మాండో గలరాగా క్లీవ్‌లాండ్ జట్టులో 26 మందిని వరసగా అవుట్ చేశాడు. 27వ వాడు కొట్టిన బంతిని తోటి ఆటగాడు పట్టి విసిరితే, గలరాగాయే మొదటి మూలకు పరుగెత్తి అందుకున్నాడు. పరుగెత్తేవాడు ఇంకా ఒక అడుగు వెనకే ఉన్నాడు. అందరూ చేతులెత్తారు. అంపైరు జిమ్ జాయిస్ మాత్రం రెండు చేతులూ పక్కలకు చాచి 'అవుట్ కాదు' అన్నాడు.

గలరాగా ఏం చేశాడో తెలుసా? చిన్నగా నవ్వాడు. వెనక్కి వెళ్ళి, తరువాతివాణ్ణి అవుట్ చేసి, ఆట గెలిపించాడు.

ఆట అయ్యాక జాయిస్ తన గదిలో ఆ దృశ్యం మళ్ళీ చూశాడు. ఆయనకు అప్పుడు 54 ఏళ్ళు, రెండు దశాబ్దాలు పైబడిన అనుభవం. వెలుతురు చాలలేదనలేదు, ఎవరో అడ్డం వచ్చారనలేదు. ఆ కుర్రాడి పర్ఫెక్ట్ గేమ్ నావల్లే పోయిందని పత్రికలవారి ముందు ఒప్పేసుకున్నాడు. గలరాగాను కలుసుకుని కన్నీళ్ళతో క్షమాపణ చెప్పాడు. గలరాగా ఆయనను కావలించుకున్నాడు. పర్ఫెక్ట్ మనిషంటూ ఎవరూ ఉండరని తరువాత అందరితో అన్నాడు. మర్నాడు అదే మైదానంలో జాయిస్ మళ్ళీ అంపైరుగా నిలబడవలసి ఉంది. కావాలంటే మానేయవచ్చునన్నారు. ఆయన మానలేదు. ఆట మొదలయ్యే ముందు ఆటగాళ్ళ పేర్లున్న కాగితం అంపైరుకు అందించే పని మామూలుగా మేనేజరుది. ఆ రోజు డెట్రాయిట్ మేనేజరు ఆ కాగితం గలరాగా చేతికిచ్చి పంపాడు. జాయిస్ కళ్ళు తుడుచుకుంటూ అందుకుని, అతని భుజం తట్టాడు.

ఇక్కడ రెండు వేరువేరు సంగతులున్నాయి, చూడండి. మైదానంలో గలరాగా నవ్విన నవ్వు సహనం. అది అతనొక్కడి సొమ్ము, ఎదుటివాడి సాయం అక్కరలేదు. గదిలో జరిగింది క్షమ. దానికి ఇద్దరు కావాలి. ఒకరు 'నావల్ల జరిగింది' అనాలి. రెండోవారు చెయ్యి చాచాలి. మన ఆడవాళ్ళకు చిన్నప్పటినుంచీ భూదేవి పేరు చెప్పి ఓర్పు నూరిపోశారు. ఆ ఓర్పునే క్షమ అని పేరుమార్చి మెచ్చుకుంటూ వచ్చారు. కాని ఎదుటివాడు పొరపాటు ఒప్పుకోనే ఒప్పుకోకపోతే మనం చూపేది ఓర్పే గాని క్షమ కాదు. ఓర్పు గొప్పదే, కాదనను. అయితే ఎప్పుడూ ఒక్కరే మోస్తే అది బరువవుతుంది. 'పొరపాటు నాదేలే' అన్న ఒక్కమాట ఆ బరువులో సగం దించుతుంది. ఆ మాట అత్తగారు అన్నా, ఆయనగారు అన్నా, మనం మన పిల్లలతో అన్నా.

ఇంతకీ గలరాగా రికార్డు మాటేమిటి? రాలేదు. బేస్‌బాల్ కమిషనర్ బడ్ సెలిగ్ తీర్పు మార్చడానికి ఒప్పుకోలేదు. పుస్తకాల్లో నేటికీ ఆ 27వ వాడు అవుట్ కాలేదు. "అంత చక్కగా క్షమించుకున్నారు కదా, ఇక రికార్డెందుకు" అనేవాళ్ళున్నారు. నేనలా అనలేను. క్షమ ఉన్నంతమాత్రాన నష్టం లేనట్టు కాదు. దిద్దగలిగినదాన్ని దిద్దడం న్యాయం. క్షమను చూపించి న్యాయాన్ని ఎగ్గొట్టడం, పెద్ద మనసున్నవాళ్ళ మీద వేసే పన్ను. 'పోనీలే, అది సర్దుకుపోతుంది' అని ఇంట్లో ఎప్పుడూ ఒక్క పిల్ల వాటాయే తగ్గించే తల్లిదండ్రులు ఈ మాట కాస్త ఆలోచించాలి.

2014 నుంచి ఇలాంటి తీర్పులను వీడియోలో మళ్ళీ చూసి దిద్దే పద్ధతి ఆ ఆటలో వచ్చింది. మంచిదే. ఈనాడైతే గలరాగాకు నిమిషాల్లో న్యాయం జరిగేది. కాని మన వంటింట్లో, నడవలో, పెళ్ళిపందిట్లో ఏ కెమెరాలు పెడతాం? ఎవరి జ్ఞాపకం వారిది, ఎవరి స్కోరుబోర్డు వారిది. అక్కడ తీర్పు దిద్దడానికి ఉన్న సాధనం ఒక్కటే. జరిగింది జరిగినట్టు ఒకరు ఒప్పుకోవడం, ఒప్పుకున్నాక రెండోవారు ఆ లెక్కను అంతటితో మూసేయడం.

పొరపాటుకు వయసెంత అని కదా అడిగాను? పుట్టినప్పుడు దానికి అరక్షణమే. ఆపైన ఎన్నేళ్ళు బ్రతుకుతుందన్నది చేసినవాళ్ళ చేతుల్లో కొంత, చెప్పుకునేవాళ్ళ నోళ్ళల్లో చాలా ఉంది.